ఓ చెవి అటు వేసి ఉంచండి!

పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో మా అత్తగారు నాకు చెప్పిన మొదటి పాఠం ఉప్పూకారాల గురించి కాదు. "చూడమ్మాయ్! ఏ పనిలో ఉన్నా సరే, ఒక చెవి పొయ్యి మీద, ఒక చెవి వీధి గుమ్మం మీద వేసి ఉంచాలి. అప్పుడే ఇల్లు గడుస్తుంది" అన్నారు. అప్పట్లో నవ్వుకున్నాను గానీ, ఈ పాతికేళ్ళలో ఆ మాట ఎంత నిజమో బాగా తెలిసొచ్చింది. కుక్కరు కూతలు లెక్కపెడుతూనే పాలబ్బాయి బెల్లు వినాలి. పోపు చిటపటల్లోంచే పిల్ల ఏడుపు పోల్చుకోవాలి. మోటారు వేసి మరిచిపోతే ట్యాంకు పొంగిన చప్పుడు ముందు మన చెవినే పడాలి. మగవాళ్ళకి అది వినపడదు. వినపడినా తమకి సంబంధించిన చప్పుడు అనుకోరు!

అలాంటి నేను ఒకరోజు రెండు చెవులూ మూసుకుని కూర్చున్నాను. ఆ పొరపాటు వల్ల నేను పడిన బాధ, దానివల్ల నేర్చుకున్న ఒక చిన్న సంగతి మీ అందరికీ చెప్పాలనిపించి ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నేను చదివింది ఇంటర్మీడియెట్ వరకే. పై చదువు చదవాలని ఉన్నా మంచి సంబంధం వచ్చిందని పెళ్ళి చేసేశారు. ఇప్పుడు అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. అమ్మాయి ఇక్కడే విజయవాడలో డిగ్రీ చదువుతోంది. మావారు పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకి వెళితే మళ్ళీ రాత్రికే రావడం. మధ్యాహ్నం పూట ఇల్లు బోసిగా ఉండేది. ఇలా లాభం లేదని మగ్గం పని నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఒకావిడ దగ్గర ఫీజు కడితే పాఠాలు రికార్డు చేసి పంపిస్తారు. అమ్మాయి పాత ట్యాబ్‌లో అవి పెట్టుకుని, చూస్తూ, వింటూ కుట్టుకోవడమే.

మగ్గం పని తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చెక్క ఫ్రేముకి జాకెట్టు గుడ్డ బిగించి కడతాం. కుడిచెయ్యి పైన ఆరీ సూది పట్టుకుంటుంది, ఎడంచెయ్యి గుడ్డ కిందనుంచి దారం అందిస్తూ ఉంటుంది. కళ్ళు సూది మొన మీద ఉంటాయి. ఇక మనకి మిగిలేవి చెవులు మాత్రమే. కానీ హాల్లో మా అత్తగారి టీవీ! ఆవిడకి వినికిడి కాస్త తగ్గింది. సీరియల్లో అత్త కోడల్ని తిడితే వీధి చివరి వాళ్ళకి కూడా వినపడాలి. మా అబ్బాయి నా అవస్థ చూసి, చెవిలో పెట్టుకునే వైరు లేని ఇయర్‌బడ్స్ కొని పంపాడు. బయటి చప్పుడు లోపలికి రానివ్వని రకం. అవి పెట్టుకున్న రోజున నాకు స్వర్గం కనిపించిందంటే నమ్మండి! టీవీ లేదు, కాలింగ్ బెల్లు లేదు, పక్కవాళ్ళ మిక్సీ లేదు. పాఠం చెప్పే ఆవిడ నా చెవి పక్కనే కూర్చుని చెబుతున్నట్టు ఉంది. జన్మలో మొదటిసారి ఓ గంటసేపు ఎవరి పిలుపూ వినకుండా ఉన్నాను.

ఆ సుఖమే నా కొంప ముంచింది.

2024 తొలి ఏకాదశి నాటి మాట. శ్రావణమాసం పెళ్ళిళ్ళకని నాలుగు జాకెట్లు ఒప్పుకున్నాను. ఒప్పుకున్నవి ఇవ్వాలన్న కంగారులో భోజనం కాగానే మగ్గం ముందు కూర్చున్నాను. ఫోను వంటింట్లో ఛార్జింగుకి పెట్టాను. పక్కనుంటే గంటకి నలభై మెసేజీలు వస్తాయి, చెయ్యి ఆగదు కదా. బడ్స్ ట్యాబ్‌కి కలిపి ఉన్నాయి. చేతి మీద నెమలి బొమ్మ బాగా కుదురుతోంది. గంటన్నర ఎలా గడిచిందో తెలియలేదు.

టీ పెడదామని లేచి, బడ్స్ తీసి పక్కన పెట్టి, ఫోను చూస్తే గుండె ఝల్లుమంది. అమ్మ దగ్గరనుంచి అయిదు సార్లు, పక్కింటి పిన్ని దగ్గరనుంచి మూడు సార్లు ఫోను వచ్చింది.

మా అమ్మ తెనాలి దగ్గర పల్లెటూళ్ళో ఒక్కతే ఉంటుంది. డెబ్భై రెండేళ్ళు. నాన్న పోయారు. తమ్ముడు మస్కట్‌లో ఉన్నాడు. నా దగ్గరికి రమ్మంటే "మీ నాన్న కట్టిన ఇల్లు వదిలి నేను రానే" అంటుంది. సుగర్ ఉంది. ఆరోజు ఏకాదశి అని ఉపవాసం ఉంది, మాత్ర మాత్రం అలవాటు ప్రకారం వేసుకుంది. మధ్యాహ్నానికి సుగర్ పడిపోయి చెమటలు పట్టాయి, కాళ్ళూ చేతులూ వణికాయి. ముందుగా గుర్తొచ్చింది నేను. అయిదు సార్లు చేసింది. చివరికి గోడ పట్టుకుని నడుచుకుంటూ వీధి అరుగు మీదికొచ్చి కూలబడితే పిన్ని చూసిందట. పంచదార నీళ్ళు పట్టించి, కాసేపటికి తేరుకున్నాక ఇంత అన్నం పెట్టింది.

పిన్నికి ఫోను చేస్తే, "కంగారు పడకమ్మాయ్, ఇప్పుడు బాగానే ఉంది. నువ్వు ఫోనెత్తట్లేదని, నీకేమైందోనని అది బెంగ పెట్టుకుంది" అంది. తన ప్రాణం మీదికొస్తే నాకేమైందోనని బెంగ! అమ్మంటే అంతే కదా.

ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్ళాను. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. "పనిలో ఉండుంటావులే" అంది. అంతే. మర్నాడు డాక్టరుగారి దగ్గరికి తీసుకెళితే, మాత్ర వేసుకుని ఉపవాసం ఉండొద్దని ఆయన గట్టిగా చెప్పారు. చెమట, వణుకు మొదలైతే ఎవరి కోసమూ చూడకుండా ముందు మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగెయ్యాలని, పావుగంటకి మళ్ళీ సుగర్ చూసుకోవాలని చెప్పారు. మీ ఇళ్ళల్లో సుగర్ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళుంటే ఈ మాట వాళ్ళ చెవిన వెయ్యండి.

రెండ్రోజులుండి వచ్చేశాను. అసలు బాధ ఆ తర్వాత మొదలైంది.

మా అమ్మకి ఒక అలవాటు ఉంది. రోజూ భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి, రెండున్నర ప్రాంతంలో నాకు ఫోను చేస్తుంది. "ఏం కూర చేశావే?" దగ్గర మొదలై ఊళ్ళో సంగతులన్నీ అయ్యాక గానీ పెట్టదు. ఆరోజు నుంచి ఆ ఫోను ఆగిపోయింది. అడిగితే "నీ పని చెడగొట్టడం ఎందుకులే. రాత్రి తీరిగ్గా నువ్వే చెయ్యి" అంది. తిట్టినా బాగుండేది. రెండున్నర అయ్యేసరికి నాకు చెయ్యి ఆడేది కాదు.

"ఫోను పక్కన పెట్టుకుంటే సరిపోయేదానికి ఇంత ఏడుపేమిటి?" అన్నారు మావారు. అదీ చేసి చూశాను. ట్యాబ్ పక్కనే ఫోను పెట్టుకున్నాను. చెవుల్లో బడ్స్ ఉండటంతో రింగు వినపడలేదు. వెలుగు కనపడుతుందిలే అనుకుంటే, సూది మీద ఉన్న కళ్ళు అటు పోవు. నిమిషానికోసారి ఫోనుకేసి చూస్తూ కుడితే కుందన్లు వంకర పోయాయి. ఒక చెవికే బడ్ పెట్టుకుని చూశాను. ఇంకో చెవిలో సీరియల్ అత్తగారు దూరింది! అయిదో రోజున విసుగెత్తి మగ్గం మూల పెట్టేద్దామనుకున్నాను. ఇల్లాలికి ఇంకో పని ఎందుకు, ఉన్న చెవులు ఇంటికే చాలవు అనిపించింది.

అప్పుడు మా అమ్మాయి అడిగింది. "బడ్స్‌ని ట్యాబ్‌కీ ఫోనుకీ రెండింటికీ కలపొచ్చు కదమ్మా?"

"ఒకేసారా? ఒక ఒరలో రెండు కత్తులెలా ఇముడుతాయే?"

"ఇముడుతాయి. దాన్ని మల్టీపాయింట్ అంటారు" అంది.

దానికి తెలిసిన భాషలో ఓ పావుగంట చెప్పింది. నాకు అర్థమైన భాషలో నేను మీకు చెబుతాను. బడ్స్‌ని ఒక ఇల్లు అనుకోండి. మామూలు రకం బడ్స్‌కి ఒకటే తలుపు. ట్యాబ్ లోపలికొచ్చి కూర్చుంటే ఫోను గడప దగ్గరే నిలబడాలి. ట్యాబ్ బయటికెళితే గానీ ఫోనుకి చోటు లేదు. మల్టీపాయింట్ ఉన్న బడ్స్‌కి రెండు తలుపులు, వీధి తలుపు, పెరటి తలుపు. రెండూ తీసే ఉంటాయి. రెండువైపుల నుంచీ మనుషులు లోపలికి రావచ్చు. అయితే మాట్లాడేది మాత్రం ఒకసారికి ఒకళ్ళే. ట్యాబ్‌లో పాఠం నడుస్తుండగా ఫోను మోగిందనుకోండి, పాఠం ఆగి ఫోను వినపడుతుంది. ఫోను పెట్టేశాక మళ్ళీ పాఠం వినొచ్చు. పాఠం కన్నా పిలుపుకే ముందు పీట అన్నమాట. రెండూ కలగాపులగంగా ఒకేసారి వినపడతాయేమోనని నేను భయపడ్డాను. అలా ఏం కాదు.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. జత చెయ్యడం వేరు, కలిసి ఉండటం వేరు. 'పెయిర్' చెయ్యడమంటే పరిచయం చెయ్యడం. బడ్స్‌కి అయిదారు ఫోన్లతో పరిచయం ఉండొచ్చు. పేర్లన్నీ గుర్తుంచుకుంటాయి. కానీ ఒక సమయంలో కలిసి ఉండేది మామూలువాటికి ఒకదానితో, మల్టీపాయింట్ ఉన్నవాటికి సాధారణంగా రెండింటితో. ఈ తేడా తెలియక నేను మోసపోయాను. ఆ కథా చెబుతాను.

మా అబ్బాయి పంపిన జతకి రెండో తలుపు లేదని తేలింది. కొత్తవి కొందామని దగ్గర్లో ఉన్న ఒక కొట్టుకి వెళ్ళాను. "ఫోనుకీ ట్యాబ్‌కీ రెండింటికీ పనిచేస్తాయా బాబూ?" అనడిగాను. "ఎన్నింటికైనా పనిచేస్తాయాంటీ" అన్నాడు ఆ కుర్రాడు. పెట్టె మీద బ్లూటూత్ 5.3 అని పెద్దక్షరాలతో ఉంది. అంత పెద్ద నంబరుంటే అన్నీ ఉంటాయనుకుని 1,800 రూపాయలు పోసి తెచ్చాను. ఇంటికొచ్చి చూస్తే పరిచయం రెండింటితోనూ ఉంది, కాపురం మాత్రం ఒకదానితోనే! కుర్రాడు అబద్ధం చెప్పాడనను. నేను అడగడం తెలియక అడిగాను. బ్లూటూత్ నంబరుకీ మల్టీపాయింట్‌కీ ముడి లేదట. తయారుచేసినవాళ్ళు ఆ సదుపాయం పెడితేనే ఉంటుంది. పెట్టె మీద 'మల్టీపాయింట్' అనో, 'డ్యూయల్ కనెక్షన్' అనో మాట ఉందో లేదో చూడాలి.

రెండోసారి తెలివి తెచ్చుకున్నాను. సంచిలో ఫోనూ ట్యాబూ రెండూ వేసుకుని అదే కొట్టుకి వెళ్ళాను. సీల్ విప్పిన పాత జత వాపసు తీసుకోనన్నాడు కానీ, పైన డబ్బు కడితే మార్చి ఇస్తానన్నాడు. "ముందు కలిపి చూపించు, తరవాతే డబ్బు" అన్నాను. ట్యాబ్‌లో పాఠం పెట్టించి, మావారిని రోడ్డు మీదికి పంపి, అక్కణ్ణుంచి నాకు ఫోను చెయ్యమన్నాను. చెవిలో ఆవిడ "ఇప్పుడు ముడి వెయ్యండి" అంటూ ఆగిపోయింది, గణగణ ఫోను మోగింది. బడ్‌ని వేలితో ఒక తట్టు తట్టాను. "వినపడుతోందా?" అన్నారు మావారు. "ఈ పాతికేళ్ళలో ఇంత స్పష్టంగా ఎప్పుడూ వినపడలేదు" అన్నాను. కొట్లో అందరూ నవ్వారు.

ఇంట్లో అందరికీ ఈ బ్లూటూత్ పిచ్చి పట్టుకుందని చూసి మా అత్తగారు "ఆ పేరేమిటే, నీలం పన్నేమిటి?" అన్నారు. దానికీ మా అమ్మాయి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. వెయ్యేళ్ళ కిందట డెన్మార్క్ దేశాన్ని ఏలిన హెరాల్డ్ అనే రాజుకి బ్లూటూత్ అని మారుపేరు ఉండేదట. విడివిడిగా ఉన్నవాళ్ళని ఒక్కటి చేసిన రాజని పేరు. 1998లో ఎరిక్‌సన్, ఇంటెల్, నోకియా, ఐబీఎం, తోషిబా కంపెనీలు ఒక జట్టుగా ఏర్పడి, వస్తువులన్నీ వైరు లేకుండా మాట్లాడుకోవడానికి ఒకే పద్ధతి ఉండాలనుకుని ఈ పేరు పెట్టుకున్నాయి. ఫోనులో కనపడే ఆ గుర్తు కూడా ఆ రాజు పేరులోని రెండు పాతకాలపు అక్షరాలు కలిపి రాసిందేనట. "పోనీలే, కలిపినవాడి పేరే పెట్టారు" అన్నారు అత్తగారు సంతృప్తిగా.

ఇక కలపడం ఎలాగో చెబుతాను. రెండు నిమిషాల పని, భయపడకండి.

ముందు బడ్స్‌ని జత చేసే స్థితిలో పెట్టాలి. చాలా వాటికి పెట్టె మీద ఒక మీట ఉంటుంది, కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే లైటు మిణుకుమిణుకుమంటుంది. కొన్నింటికి పద్ధతి వేరుగా ఉంటుంది, కూడా వచ్చిన కాగితం పారెయ్యకుండా చూసుకోండి. అప్పుడు ట్యాబ్‌లో బ్లూటూత్ తెరిచి బడ్స్ పేరు కనపడగానే నొక్కాలి. ఆ కంపెనీ యాప్ ఉంటే ట్యాబ్‌లో వేసుకుని, అందులో మల్టీపాయింట్ అన్న మీట ఉందేమో చూసి ఆన్ చెయ్యాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. సదుపాయం ఉంటుంది, మీట మూసి ఉంటుంది! ఆ తరవాత బడ్స్‌ని మళ్ళీ జత చేసే స్థితిలో పెట్టి, ఈసారి ఫోనులో బ్లూటూత్ తెరిచి పేరు నొక్కాలి. ఈలోగా ట్యాబ్ జారిపోయి ఉంటే ట్యాబ్‌లో ఇంకోసారి పేరు నొక్కితే వచ్చేస్తుంది. రెండింటిలోనూ 'కనెక్టెడ్' అని కనపడితే రెండు తలుపులూ తెరుచుకున్నట్టే. ఇంట్లో ఎవరిచేతనైనా ఫోను చేయించుకుని పరీక్ష చేసుకోండి.

మీ దగ్గర ఇప్పటికే బడ్స్ ఉంటే కొత్తవి కొనే ముందు ఆ యాప్‌లో అప్‌డేట్ వచ్చిందేమో చూడండి. సోనీ వాళ్ళు 2021లో తెచ్చిన డబ్ల్యూఎఫ్ 1000 ఎక్స్ఎం 4 అనే రకానికి 2023లో ఇలాగే అప్‌డేట్ ద్వారా మల్టీపాయింట్ ఇచ్చారు. యాపిల్ వాళ్ళ ఎయిర్‌పాడ్స్ సంగతి వేరు. అవి ఒకే ఖాతా మీద ఉన్న యాపిల్ ఫోను, ఐప్యాడ్‌ల మధ్య వాటంతట అవే మారతాయి గానీ, ఇంకో కంపెనీ ఫోను జోలికి అలా పోవు. మా ఇంట్లోలాగా తలో కంపెనీ వస్తువు ఉంటే ఇది చూసుకుని కొనాలి.

అంతా అయిందనుకుంటే మొదటి రోజే చిక్కొచ్చింది. ఫోనుకి మెసేజీ వచ్చినప్పుడల్లా 'టింగ్' అనడం, పాఠం తుంచుకుపోవడం. మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ గ్రూపులో ఒకరు శుభోదయం అంటే ముప్ఫై మంది జవాబు చెబుతారు, పాఠం ముప్ఫై ముక్కలు! దీనికి మందు ఫోనులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్లూటూత్‌లో బడ్స్ పేరు పక్కన చిన్న చక్రం గుర్తు ఉంటుంది. అది నొక్కితే 'ఫోన్ కాల్స్' అనీ 'మీడియా ఆడియో' అనీ రెండు మీటలు కనపడతాయి. కాల్స్ ఉంచి, మీడియా తీసేశాను. ఇక ఫోను వైపు నుంచి పిలుపు తప్ప పాటలూ గోలా చెవిలోకి రావు. నన్నడిగితే ఈ వ్యాసం మొత్తంలో కత్తిరించి దాచుకోవాల్సిన ముక్క ఇదే.

రెండో చిక్కు ఇంకా తమాషా. ఒకసారి సరదాకి మావారి ఫోనుకి కూడా ఈ బడ్స్ జత చేసి పాటలు విన్నారు. వాటికి ఆ పరిచయం గుర్తుండిపోయింది. ఒక ఆదివారం నేను లోపలి గదిలో బడ్స్ పెట్టుకోగానే, అవి నా ఫోనుని వదిలేసి హాల్లో ఉన్న ఆయన ఫోనుకి అతుక్కున్నాయి. నాకు తెలియదు. అంతలో ఆయనకి మా ఆడపడుచు ఫోను చేసింది. ఆయన హాల్లో "హలో, హలో" అని అరుస్తున్నారు. ఆవిడ మాట మాత్రం నా చెవిలో! "అన్నయ్యా, వదిన పక్కన లేదు కదా?" అంది. ఊపిరి బిగబట్టాను. నా మీద ఏం చెబుతుందోనని. "వదిన జాకెట్లు బాగా కుడుతోందట కదా, నాకూ మా తోటికోడలికీ తలా రెండు చేయించు. మన ఇంటి మనిషేగా, డబ్బులేముంటాయిలే" అంది. నేను నెమ్మదిగా "జాకెట్టుకి 1,500 వదినా, నీకైతే 1,400" అన్నాను. అటువైపు చప్పుడు లేదు!

ఆరోజే ఆయన ఫోనులో 'ఫర్‌గెట్' అన్నది నొక్కి ఆ పరిచయం తెంపేశాను. మీరూ వాడని ఫోన్లనీ, పాత లాప్‌టాప్‌లనీ అలా తెంపేసుకోండి. లేకపోతే రెండు తలుపుల్లో ఒకటి పనికిమాలినవాళ్ళు ఆక్రమిస్తారు.

మరో మాట. రికార్డు పాఠాలకైతే ఇబ్బంది లేదు గానీ, మీటింగ్ యాప్‌లో అప్పటికప్పుడు జరిగే క్లాసు కూడా బడ్స్ లెక్కలో ఫోను కాల్ లాంటిదే. అప్పుడు అసలు ఫోను వస్తే ఒక్కో రకం బడ్స్ ఒక్కోలా ప్రవర్తిస్తాయి. ముందే పరీక్షించుకోండి. దూరం కూడా చూసుకోవాలి. బ్లూటూత్‌కి మామూలుగా ఓ 10 మీటర్ల దాకా అందుతుంది, మధ్యలో గోడలుంటే ఇంకా తగ్గుతుంది. నేను మేడ మీద వడియాలు పెడుతుంటే వంటింట్లో ఫోను అందలేదు.

ఇన్ని చేశాను. రెండు తలుపులూ తీసుకుని కూర్చున్నాను. కానీ రావలసిన ఫోను రాలేదు. రెండున్నర అయ్యేది, మూడయ్యేది. చెవిలో పాఠం ఏ అడ్డూ లేకుండా సాగిపోయేది. అలా సాగిపోతుంటే ఏడుపొచ్చేది. యంత్రాన్ని మార్చాను గానీ, నా కూతురికి నేను అడ్డు అని అమ్మ మనసులో పడ్డ మాట ఎలా మార్చను?

ఆదివారం నాడు ట్యాబూ ఫోనూ బడ్సూ పట్టుకుని ఊరెళ్ళాను. అరుగు మీద కూర్చుని, ఫోను లోపల బల్ల మీద పెట్టేసి, ట్యాబ్‌లో పాఠం పెట్టుకుని, ఒళ్ళో గుడ్డ వేసుకుని కుట్టడం మొదలుపెట్టాను. "అమ్మా, వంటింట్లోకెళ్ళి నాకు ఫోను చెయ్యవే" అన్నాను. "ఎదురుగా ఉంటే ఫోనెందుకే?" అంటూనే వెళ్ళి చేసింది. ఒక తట్టు తట్టి "చెప్పమ్మా, ఏం కూర?" అన్నాను. అమ్మ ఫోను చెవిన పెట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. నా చేతిలో ఫోను లేదు. "అదేమిటే, గాలిలో మాట్లాడుతున్నావు!" అంది. "నేను కుడుతూ ఉన్నా, నిద్రపోతున్నా, నీ పిలుపు ముందు ఇక్కడికే వస్తుంది" అని చెవి చూపించాను. అమ్మ కాసేపు నాకేసి చూసి, "నా కోసం ఇంత ఖర్చెందుకు పెట్టావే" అంది. కళ్ళు తుడుచుకుంటూ లోపలికెళ్ళిపోయింది.

సోమవారం ఫోను రాలేదు. మంగళవారం కూడా రాలేదు. బుధవారం రెండు నలభైకి పాఠం ఠక్కున ఆగింది. చెవిలో గంట మోగింది. సూది అలాగే గుడ్డలో వదిలేసి తట్టాను.

"ఏం లేదే, ఊరికే చేశాను. పనిలో ఉన్నావా?"

"ఉన్నానమ్మా. చెప్పు."

"మామిడల్లం పచ్చడి పెట్టాను. పిన్ని బాగుందంది."

అరగంట మాట్లాడింది. నెమలి తోక సగంలో ఆగిపోతే ఆగిపోయింది.

యంత్రం ఉంది కదా అని మనుషుల్ని వదులుకోలేదు లెండి. బడ్స్‌లో ఛార్జి అయిపోవచ్చు, సిగ్నల్ పోవచ్చు. అందుకే పిన్ని ఇంటి దగ్గర తాళంచెవి ఒకటి ఇచ్చాను. అమ్మ మంచం పక్కన పంచదార డబ్బా పెట్టాను. పదిహేను రోజులకోసారి వెళ్ళి వస్తున్నాను. కానీ నా పని నేను చేసుకుంటూ కూడా నావాళ్ళకి అందుబాటులో ఉండొచ్చు, ఆ రెండింటిలో ఒకదాన్ని చంపుకోనక్కర్లేదు అన్న ధైర్యం మాత్రం నాకు ఈ రెండు గింజలంత వస్తువులే ఇచ్చాయి. మగ్గం మూల పెట్టేద్దామనుకున్న నేను, కిందటి సంక్రాంతికి ఆ డబ్బుతోనే అమ్మకి పట్టుచీర పెట్టాను.

ఈ సంగతంతా విని మా అత్తగారు, "నేనప్పుడే చెప్పలేదటమ్మా, ఓ చెవి అటు వేసి ఉంచమని?" అన్నారు. టీవీ గోల కొంచెం కూడా తగ్గించకుండా!

ఇదిగో, ఇది రాస్తూ ట్యాబ్‌లో పాటలు వింటున్నాను. పాట ఆగింది. గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది.

ఉంటానండీ. అమ్మ ఫోను!